బడి నిర్వహణలో పిల్లల మాట

గ్రామములో పదిమందికి చెందిన కట్టడములు పెక్కు కలవు. పంచాయతీ కార్యాలయమునకు పనియున్నవారు వత్తురు. పని తీరినంతనే పోవుదురు. చావడి సాయంకాలమునకు గాని నిండదు. సంవత్సరములో రెండువందల దినములకు తక్కువ గాకుండ, ఉదయము మొదలు సాయంకాలము వరకు, గ్రామస్థులతో నిండియుండు స్థలము ఒక్క ప్రాథమిక పాఠశాలయే. ఐనను అచ్చట కూర్చుండువారికి ఓటు లేదు. గ్రామసభలో వారికి చోటు లేదు. కప్పు కురియుచున్నదనియు, మరుగుదొడ్డి తలుపునకు గడియ లేదనియు, పప్పు నీళ్లుగా నున్నదనియు అందరికన్న ముందు ఎరిగినవారు వారే. అందరికన్న చివర అడుగబడువారును వారే. పెక్కు గ్రామములలో ఆ చివరి అడుగుట కూడ జరుగదు.

పాఠశాలను నడుపు పనిలో ఆ పాఠశాల పిల్లల మాటకు చోటు కల్పించుట ఎట్లు, దానివలన పంచాయతీకి కలుగు మేలేమి, అందులో జాగ్రత్తపడవలసిన సంగతులేవి అను విషయములను ఈ వ్యాసమున చర్చింపదలచితిమి. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల పంచాయతీ సభ్యులను మనస్సునందుంచుకొని వ్రాయుచున్నాము. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో పాత ఆదిలాబాదు జిల్లా ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలుగా విభక్తమైనది. పాత కరీంనగరము నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వేరుపడినవి. చదువరుల సౌకర్యమునకై పాత పేర్లనే ఇందు వాడుచున్నాము.

పంచాయతీకి, పాఠశాలకు గల సంబంధము క్రొత్తది కాదు. 1959లో షాద్‌నగరులో మన పంచాయతీరాజ్య వ్యవస్థ ప్రారంభమైనప్పుడు ప్రాథమిక పాఠశాలల నిర్వహణ పంచాయతీ సమితుల చేతికి వచ్చెను. అంతకు పూర్వము బడి ఎచ్చట పెట్టవలెనో, ఎన్నడు తెరువవలెనో పట్టణములోని అధికారి నిర్ణయించుచుండెను. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. వానిలో 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల విద్య. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ పాఠశాల విద్యలో సమాజ భాగస్వామ్యమునకై ఒక చట్టము చేసి, తల్లిదండ్రులు ఎన్నుకొను విద్యా కమిటీలను ఏర్పరచినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చి, యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండవలెననియు, సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెననియు విధించినది. 2024లో తెలంగాణ ప్రభుత్వము మహిళా సంఘముల సభ్యురాండ్రతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను ఏర్పరచి, మంచినీరు, మరుగుదొడ్లు, చిన్న మరమ్మతులు మున్నగు పనులను వారికి అప్పగించినది.

ఈ వరుసను చూచినచో ఒక సంగతి స్పష్టమగును. అధికారి నుండి సమితికి, సమితి నుండి తండ్రికి, తండ్రి నుండి తల్లికి ఈ అధికారము మెట్టుమెట్టుగా దిగివచ్చినది. ఇంక ఒక్క మెట్టు మిగిలియున్నది.

ఆ మెట్టును చట్టము పూర్తిగా మరచిపోలేదు. విద్యాహక్కు చట్టము క్రింద కేంద్ర ప్రభుత్వము 2010లో ప్రకటించిన నియమములలో యాజమాన్య కమిటీ కూర్పు వివరింపబడినది. తల్లిదండ్రులు పోగా మిగిలిన నాలుగవ వంతులో మూడవ భాగము స్థానిక సంస్థల సభ్యులకు, మూడవ భాగము ఉపాధ్యాయులకు, కడపటి మూడవ భాగము స్థానిక విద్యావేత్తలకు గాని పాఠశాలలోని పిల్లలకు గాని ఈయవచ్చునని అందున్నది. ఎవరికీయవలెనో తల్లిదండ్రులే నిశ్చయింతురు. ప్రతి రాష్ట్రము తన నియమములను తానే చేసికొనును గనుక ఈ కూర్పు మనకు నేరుగా వర్తించునని చెప్పరాదు. కాని పిల్లవాడు కమిటీ చాపపై కూర్చుండుట చట్టవిరుద్ధమైన వింత కాదని మాత్రము దీనివలన తెలియుచున్నది. ఆ చట్టములోని 29వ సెక్షను మరియొక మాట కూడ చెప్పినది: బడిలోని బోధన పిల్లలను భయమునుండి, కలతనుండి విడిపించి, తమ అభిప్రాయములను స్వేచ్ఛగా చెప్పుటకు తోడ్పడవలెనట. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించి, 1992 డిసెంబరులో మన దేశము అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణము ఇదే సంగతిని విస్తరించి చెప్పుచున్నది. తనకు సంబంధించిన విషయములలో తన అభిప్రాయము చెప్పు హక్కు పిల్లవానికి కలదు. ఆ అభిప్రాయమునకు అతని వయస్సును, పరిపక్వతను బట్టి విలువ నీయవలెను. పిల్లలు చెప్పినదంతయు చేయవలెనని అందెచ్చటను లేదు. వినవలెనని, తూచవలెనని ఉన్నది.

"పసివారికేమి తెలియును?" అని మన పెద్దలు కొందరు అడుగుదురు. ఈ ప్రశ్నకు మాటలలో సమాధానము చెప్పుటకన్న ఒక బడిని ఊహించుకొనుట మేలు. నలువదిరెండు మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు, రెండు గదులు, ఒక వసారా. పంచాయతీవారు నీటి తొట్టి కట్టించి, నల్లాలు పెట్టించి, శిలాఫలకమును కూడ అమర్చినారు. ఆరు నెలల తరువాత వార్డు సభ్యుడు బడికి పోయి పిల్లలను వసారాలో కూర్చుండబెట్టి, నీళ్లు బాగున్నవా యని అడిగినాడనుకొందము. అందరును బాగున్నవని ఏకకంఠముగా పలుకుదురు. అది పాఠము ఒప్పజెప్పుట, అభిప్రాయము కాదు. ఆయన తొందరపడక, చాపపై కూర్చుండి, "ఇయ్యాల నీళ్లు తాగినోళ్లు చెయ్యెత్తుండ్రి" అని అడిగినచో చిత్రము మారును. మూడు, నాలుగు, ఐదు తరగతుల మగపిల్లల చేతులు లేచును. చిన్నపిల్లల చేతులు లేవవు. ఏమని అడుగగా ఒకటవ తరగతి పిల్ల, "నల్లా అందుతలేదు తాతా" అనును. తొట్టి కట్టిన మేస్త్రి తన నడుము ఎత్తును కొలతగా తీసికొన్నాడు. ఆరేండ్ల పిల్ల కొలత ఆయన మనస్సునకు రాలేదు. దానికి కావలసినది రెండు వరుసల ఇటుకల మెట్టు.

ఇంక ఐదవ తరగతి ఆడపిల్లల చేతులు కూడ లేవలేదు. వారికి నల్లా అందును. ఐనను వారు చెప్పరు. ఆయన వెడలిన పిమ్మట ఉపాధ్యాయురాలితోనో, వంటచేయు అమ్మతోనో మెల్లగా చెప్పుదురు: మరుగుదొడ్డి తలుపునకు గడియ లేదు గనుక, ఇంటికి పోవువరకు దొడ్డికి పోవలసిన అవసరము రాకుండ వారు నీళ్లు త్రాగుటయే మానివేసినారు. ఎండకాలములో తల తిరుగుటకు, మూత్రపు మంటకు కారణమిదియే. నీటి తొట్టికి వేలకొలది రూపాయలు వ్యయపరచిన పంచాయతీకి, ఆ నీరు ఎందుకు త్రాగబడుటలేదో తెలియుటకు ఒక చిన్న ఇనుప గడియ చాలినది. ఈ వార్త ఏ ఇంజనీరు నివేదికలోను రాదు. ఆ పిల్లలు చెప్పవలసినదే.

2022లో ఆరంభమైన 'మన ఊరు-మన బడి' కార్యక్రమము పండ్రెండు అంశములను చేపట్టినది. అందు నీరు, మరుగుదొడ్లు, విద్యుత్తు, బల్లలు, ప్రహరీగోడ, వంటశాల మున్నగునవి కలవు. పనుల జాబితా ఉన్నప్పుడు ఏది ముందు, ఏది వెనుక అను ప్రశ్న తప్పదు. ముందువెనుకలు నిర్ణయించువారు బడికి ఎదుటి వీథినుండి చూచినచో రంగు ముందు వచ్చును. లోపలనుండి చూచినచో గడియ ముందు వచ్చును. మేము రంగునకు విరోధులము కాము.

ఆదిలాబాదు ప్రాంతమున ఈ విషయమునకు మరియొక లోతు కలదు. అచ్చటి గూడెములలో ఒకటవ తరగతిలో చేరు పిల్లల ఇంటిభాష గోండి, కోలామి, లంబాడీ, సరిహద్దున మరాఠీ. తెలుగులో అడిగిన ప్రశ్నకు ఆ పిల్ల పలుకకున్నచో, ఆమెకు చెప్పవలసినది లేదని కాదు; చెప్పు వాకిలి మూసియున్నదని అర్థము. ఉపాధ్యాయుడు ఆమెను మందమతి యనుకొనుట, ఆమె బడియనిన భయపడుట, మూడవ నెలలో పశువుల వెంట పోవుట, ఇవి ఒకదాని వెనుక ఒకటి వచ్చును.

ఈ సంగతిని ఎనుబది ఏండ్లకు పూర్వమే గ్రహించినవారు కలరు. 1940లో జోడేఘాట్ కొండలలో కుమురం భీము, ఆయన అనుచరులు నిజాము పోలీసుల కాల్పులలో నేలకొరిగిరి. వారి మొర భూమిని గూర్చి, అడవిని గూర్చి. దానిని వినువారు లేకపోవుటచే అది అంతవరకు వచ్చినది. ఆ పిమ్మట నిజాము ప్రభుత్వము క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని గోండుల స్థితిగతులను పరిశీలింప పంపెను. ఆయన మార్లవాయి గ్రామమున నివసించి, 1943లో అచ్చట గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేయు కేంద్రమును నెలకొల్పుటకు కారకుడయ్యెను. నాగరి లిపిలో గోండి వాచకములు సిద్ధమైనవి. పరాయి ఊరినుండి వచ్చి పరాయి భాషలో కేకలు వేయు పంతులునకు మారుగా, తమ భాష పలుకు తమవాడే బడిలో కూర్చుండుట ఆ పిల్లలకు ఎట్టి మార్పో మనము ఊహింపవచ్చును. కేస్లాపూరు నాగోబా జాతర సందర్భమున అధికారులు వచ్చి గిరిజనుల మొరలను బహిరంగముగా విను దర్బారు కూడ ఆ దశాబ్దిలోనే మొదలై నేటికిని సాగుచున్నది. దూరమునున్న పాలకుడు ఒక దినము వచ్చి, నేలపై కూర్చున్నవాని మాట వినుటయే ఆ దర్బారు సారము. మేము పిల్లలకు కోరుచున్నదియు అంతకన్న పెద్దది కాదు.

మాతృభాషా బోధన ప్రయత్నము మరల 2004లో, ఉమ్మడి రాష్ట్రమున, ఎనిమిది గిరిజన భాషలలో ఆరంభమైనది. గోండి, కోలామి, బంజారా అందులోనివి. విద్యాహక్కు చట్టములోని 29వ సెక్షను కూడ వీలైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండవలెనని చెప్పుచున్నది. పాఠ్యపుస్తకముల సంగతి పంచాయతీ చేతిలో లేదు. కాని పిల్లల సమావేశము ఏ భాషలో జరుగవలెనను సంగతి మన చేతిలోనిదే. గూడెపు బడిలో సమావేశము ఇంటిభాషలో జరుగవలెను. ఉపాధ్యాయునికి ఆ భాష రానిచో ఐదవ తరగతి పిల్లలలో ఒకరు ఆయనకు అర్థము చెప్పుదురు. ఒక అరగంట సేపు పంతులు శిష్యుడగును. దానివలన ఆయనకు నష్టము లేదు. షెడ్యూల్డు ప్రాంతములలో 1996 నాటి పెసా చట్టము గూడెపు గ్రామసభకే ప్రాధాన్య మిచ్చినది గనుక, పిల్లల మాట మండలమువరకు పోనక్కరలేదు; అదే గూడెములో, అదే చెట్టు క్రింద వినబడవచ్చును.

కరీంనగరపు ఇబ్బంది వేరు. అచ్చట పెక్కు ఇండ్లలో తండ్రి గల్ఫు దేశములోనో, భివండీలోనో, ముంబయిలోనో ఉన్నాడు. తల్లి బీడీల చాటను ఒడిలో పెట్టుకొని ప్రొద్దు వాలువరకు చుట్టుచున్నది. తల్లిదండ్రుల కమిటీయని కాగితముపై వ్రాసికొనుట సులభము. సమావేశమునకు వచ్చునది నాయనమ్మ. ఆమెకు బడి సంగతి ఏమి తెలియును? మనుమరాలు చెప్పినదే తెలియును. అట్టిచో ఆ మనుమరాలినే అడుగుట దగ్గర దారి గదా! ఒక పిల్ల రెండు వారములుగా బడికి రాకున్నచో, ఆకు కత్తిరించుటకు ఇంటివద్ద నిలిపినారనియో, పత్తి ఏరుటకు తీసికొనిపోయినారనియో ఆమె ప్రక్కన కూర్చుండు పిల్లకు మొదటి దినముననే తెలియును. హాజరుపట్టీకి కారణము తెలియదు. అందు సున్న మాత్రమే ఉండును. 1996 నుండి జిల్లా ప్రాథమిక విద్యా పథకము మొదటి విడతలో కరీంనగరము, తరువాతి విడతలో ఆదిలాబాదు చేరియుండెను. ఆ కాలమున బడి వెలుపలి పిల్లలను లెక్కించుటకు ఇల్లిల్లు తిరిగిన ఉపాధ్యాయులకు, ఏ ఇంటిలో ఎవరున్నారో వీథిలో ఆడుకొను పిల్లలు చెప్పినంత చక్కగా మరెవ్వరును చెప్పియుండరు.

ఇతరచోట్ల ఇట్టి ప్రయత్నము లెట్లు జరిగినవో కొంచెము తెలిసికొనుట మంచిది. రాజస్థానములోని తిలోనియాయందు పగలు మేకలను, ఆవులను కాచు పిల్లలకొరకు రాత్రిబడులు నడిచినవి. 1993 నుండి ఆ బడుల పిల్లలు తమ పార్లమెంటును తామే ఎన్నుకొనసాగిరి. ఆరేండ్లు మొదలు పదునాలుగేండ్ల వరకు గలవారు ఓటర్లు. నీరు, దీపములు, ఉపాధ్యాయుల రాక వారి పరిశీలనలోనికి వచ్చినవి. కర్ణాటకలోని కుందాపుర తాలూకాలో 1990 దశకమున పిల్లల పంచాయతీలు ఏర్పడి, పెద్దల పంచాయతీ ముందు తమ అవసరములను చెప్పసాగినవి. ఆ అనుభవము తరువాతి కాలమున ఆ రాష్ట్రమంతటను మక్కళ గ్రామసభలకు దారితీసినది. సేవాగ్రామములోని నయీ తాలీం బడిలో శుభ్రత, వంట వంటి పనులకు పిల్లలే తమలోనుండి బాధ్యులను ఎన్నుకొని, వారి పనిని సభలో సమీక్షించెడివారు. ఇంకను దూరమున, పోలండు రాజధాని వార్సాలో 1912లో తెరువబడిన అనాథ బాలల గృహమున యానుష్ కోర్చాక్ అను వైద్యుడు పిల్లల న్యాయస్థానమును ఏర్పరచెను. న్యాయమూర్తులు పిల్లలే. ఆయనపైన సైతము అందు ఫిర్యాదు చేయవచ్చును. 1942లో నాజీలు ఆ పిల్లలను ట్రెబ్లింకా మృత్యుశిబిరమునకు తరలించినప్పుడు ఆయన వారిని విడిచి పోక, వారితోకూడ మరణించెను. బాలల హక్కుల ఒడంబడికను మొట్టమొదట 1978లో ప్రతిపాదించిన దేశము పోలండే యగుట గమనింపదగినది.

ఈ దృష్టాంతములను చదివి మన ఊరిలో రేపే పిల్లల మంత్రివర్గమును ప్రమాణస్వీకారము చేయింపవలెనని ఉత్సాహపడరాదు. మా అభిప్రాయమున ప్రాథమిక పాఠశాలకు మంత్రులు, ముఖ్యమంత్రులు అను పేర్లు అంత మేలు చేయవు. ప్రధానోపాధ్యాయునికి ఇష్టుడైన చురుకైన పిల్లవాడు ముఖ్యమంత్రి యగును. మిగిలినవారు మరల ప్రజలగుదురు. ఎన్నిక పెట్టినచో పెద్దల కులముల లెక్కలు, పార్టీల కక్షలు పిల్లల గుంపులలో ప్రవేశించును. ముప్పది నలువది మంది గల బడిలో ప్రతినిధులతో పనియే లేదు, అందరును కూర్చుండవచ్చును. శనివారము మధ్యాహ్న భోజనానంతరము అరగంట చాలును. సభ నడుపువారిని, వ్రాయువారిని చీట్లు తీసి నెలకొకరిని నియమించినచో, ఏడాదిలో మూల కూర్చుండు పిల్లకు కూడ వంతు వచ్చును. ఏదేని విషయమున రెండు పక్షములున్నచో రెండు కుండలు పెట్టి, పిల్లకొక చింతగింజ ఇచ్చి వేయించవలెను. చేతులెత్తుటలో చిన్నవారు పెద్దవారి ముఖములు చూతురు. గింజకు ముఖము లేదు.

ఏయే విషయములు ఆ సభకు రావచ్చును? ఆటస్థలము, ఆటవేళ, నీరు, దొడ్లు, భోజనము, కూర్చుండు వరుస, గ్రంథాలయపు పుస్తకములు, చెట్లు, దారిలోని వాగు, కుక్కలు, బడి ఎదుట ఆగని ట్రాక్టరు. వీనిలో కొన్ని పిల్లలే తీర్చుకొనగలరు. కొన్ని ఉపాధ్యాయుడు తీర్చగలడు. వాగు, కుక్కలు, ట్రాక్టరు పంచాయతీవి. పాఠ్యప్రణాళిక, ఉపాధ్యాయుల నియామకము, వారి సెలవులు ఈ సభకు సంబంధించినవి కావు. తిలోనియాలో ఉపాధ్యాయుల రాకను పిల్లలు పరిశీలించిన మాట నిజమే. కాని మన ఊళ్లలో పిల్లలను ఉపాధ్యాయునిపై గూఢచారులుగా నిలిపినచో ఒక నెలలో సభ మూతపడును. ఆ పిల్లలకు తరగతిలో కీడు కలుగును. ఉపాధ్యాయుని రాకను అడుగవలసినవారు పెద్దలు. ఆ భారమును పసివారి తలపై వేసి మనము చాటున నిలుచుట పౌరుషము కాదు.

మధ్యాహ్న భోజనము విషయమున కొంత ఓర్పు వలయును. 2001 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానము ఇచ్చిన ఉత్తర్వు ననుసరించి, 2003 జనవరి నుండి మన ప్రాంతపు బడులలో వండిన భోజనము పెట్టుచున్నారు. పప్పు పలుచనయినదని పిల్లలు సభలో చెప్పుదురు. అది నిజమే కావచ్చును. కాని వండు అమ్మకు బిల్లు ఆలస్యమైనదేమో, కిరాణా దుకాణమున అప్పు పెరిగినదేమో! ఆమెను కూడ ఆ చాపపై కూర్చుండబెట్టి ఆమె మాట వినవలెను. సభ ఆమెపై విచారణగా మారరాదు. లెక్క విన్న పిల్లలకు పప్పు ధర తెలియును, గణితమునకు గణితమగును. బిల్లు త్రొక్కిపట్టబడిన సంగతి పంచాయతీకి తెలియును.

ఇంక అందరికన్న ముఖ్యమైన జాగ్రత్త. పిల్లలకు బడిలో బాధ్యతయనగా చీపురు చేతికిచ్చుట యని భావించువారు కలరు. తమ గదిని, వసారాను అందరును వంతులవారీగా ఊడ్చుకొనుట వేరు. మరుగుదొడ్డి కడుగుట వేరు. అది పంచాయతీ సఫాయి కార్మికుల ద్వారా, తగిన పనిముట్లతో జరుగవలసిన పని. ఆ పని పిల్లలపై పడినచోట ఏ కులపు పిల్లలపై పడుచున్నదో మన సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. వంతుల పట్టిక గోడపై ఉండవలెను, అందులో అందరి పేర్లును ఉండవలెను. సర్పంచి మనుమడు ఊడ్చని వసారాను మరియొకరి పిల్లచే ఊడ్పింపరాదు. నీళ్ల కుండ ఎవరు ముట్టవచ్చును, పంక్తిలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండవలెను అను ప్రశ్నలను ఓటునకు పెట్టరాదు. అవి రాజ్యాంగము నిర్ణయించిన సంగతులు. నలువదిమందిలో ముప్పదియైదుగురు ఒప్పుకొన్నను, ఐదుగురిని వేరుగా కూర్చుండబెట్టు అధికారము ఏ సభకును లేదు. పిల్లలు ఈ పాఠమును పదేండ్ల ప్రాయముననే నేర్చినచో మన గ్రామసభలకే మేలు.

కొట్టినారని, తిట్టినారని, మరియొక విధముగా బాధించినారని పిల్ల చెప్పినచో, దానిని సభలో చదివించుట తప్పు. విద్యాహక్కు చట్టములోని 17వ సెక్షను శారీరక దండనను, మానసిక హింసను నిషేధించినది. లైంగిక వేధింపుల విషయమున 2012 నాటి పోక్సో చట్టము కలదు. ఆ మాట విన్న పెద్దవారు పిల్ల పేరు బయటపెట్టక, పంచాయితీ చేసి రాజీ కుదుర్చక, 1098 నంబరునకు గాని పోలీసువారికి గాని తెలుపవలెను. ఆడపిల్లలు విడిగా కూర్చుండి మాటలాడుకొను అవకాశము కూడ నెలకొకసారి ఉండవలెను. గడియ సంగతి అచ్చటనే వచ్చును.

సభలు ఎందుకు చచ్చిపోవునో చెప్పి ముగింతుము. పిల్లలకు తెలివి చాలక కాదు. వారు చెప్పినదానికి ఎవ్వరును బదులు చెప్పకపోవుటచేత. మొదటి నెల నలువది మాటలు వచ్చును, రెండవ నెల పది, మూడవ నెల అంతయు బాగున్నదను పాత ఏకకంఠము. కనుక ఒక పుస్తకము పెట్టవలెను. ఎడమ పుటలో పిల్లలు తమ వ్రాతలో అడిగినది వ్రాయుదురు. కుడి పుటలో ఎవరు, ఏ తేదీన, ఏమి బదులు చెప్పిరో వ్రాయవలెను. ఆ పుస్తకము పంచాయతీ నెలవారీ సమావేశమునకు వచ్చి, మొదటి అంశముగా చదువబడవలెను. చివర పెట్టినచో సభ్యులు లేచిపోవుదురు. మన రాష్ట్రపు నియమములలో యాజమాన్య కమిటీయందు వార్డు సభ్యునికి పదవిరీత్యా స్థానము కల్పింపబడినది గనుక, ఆ పుస్తకమును తెచ్చి, తిరిగి తీసికొనిపోవు పని ఆయనదే కావలెను.

'లేదు' అను బదులు కూడ బదులే. ప్రహరీగోడ కావలెనని పిల్లలు అడిగినారనుకొందము. పంచాయతీవద్ద అంత ద్రవ్యము లేదు. అప్పుడు సర్పంచి బడికి పోయి, గోడకు ఇంత యగును, మనవద్ద ఇంతయే కలదు, ఈ సంవత్సరము వాగుపై గొట్టము వేయుటకు ఖర్చుపెట్టితిమి, గోడకై ఫలానా తేదీన దరఖాస్తు పంపితిమి అని చెప్పవలెను. పిల్లలు అలుగరు. అంతవరకు ముండ్లకంప వేసికొందుమని వారే చెప్పవచ్చును. మౌనమునకు మాత్రము వారు అలుగుదురు. మరల నోరు విప్పరు.

బడులు జూనులో తెరచిన పిమ్మట మొదటి నెలలోనే ఈ పని ఆరంభించుట మేలు. మొదటి శనివారము పిల్లలు ఏమియు పలుకకపోవచ్చును. రెండవసారి బంతి కావలెనందురు, మిఠాయి కావలెనందురు. వీలున్నచో బంతి వెంటనే కొనియీయవలెను, దాని వెల కుడి పుటలో వ్రాయవలెను. ఉపాధ్యాయుడు బదిలీయైనను పుస్తకము బడిలోనే ఉండవలెను. నిండిన పుస్తకమును కారోబారు పంచాయతీ బీరువాలో, వసూళ్ల లెక్కల ప్రక్కన భద్రపరచవలెను.